దోషి వయసే!

స్కానింగు గది. తెర ముందు ప్రొఫెసరు మేడమ్, ఆవిడ దగ్గర రీసెర్చి చేసే కుర్రాడు. తలుపు అవతల వరండాలో, చక్రాల కుర్చీలో, మేడమ్ గారి అత్తగారు.

"మళ్ళీ పెట్టు."

"ఇప్పటికే చాలాసార్లు పెట్టాను మేడమ్."

"ఇంకోసారి పెట్టు! అసలు ఇది ముసలి ఎలుక తలకాయేనా?"

"ముసలిదే మేడమ్."

"మరి ఎందుకు మెరవట్లేదు? రక్తంలోకి రంగు మందు ఎక్కించావా?"

"ఎక్కించాను మేడమ్. పక్కన కుర్ర ఎలుకది చూడండి, అక్కడక్కడా మెరుస్తోంది. రెండిటికీ ఒకే సీసా."

"ముసలిది దీపావళిలా మెరవాలి కదరా! మూడు బ్యాచీలు మెరిశాయి! ఈ నాలుగోది చీకటిగుయ్యారంలా ఉంటే ఎలా? ఇంకో గంటలో కమిటీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"కంగారు పడకండి. ఒకసారి ప్రసంగం చెప్పి చూడండి. నేనే కమిటీని అనుకోండి."

"నువ్వా? సరే. అయ్యా, రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గోడ ఉంటుంది. పనికొచ్చేదాన్ని లోపలికి రానిస్తుంది, మిగతాదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. వయసు మీదపడే కొద్దీ ఆ గోడ బీటలు వారుతుంది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి స్ట్రోకు వచ్చిందనుకోండి, కుర్రవాళ్ళలో ఆ గోడ కాస్త చెమ్మగిల్లుతుంది. ముసలివాళ్ళలో ఏకంగా కారిపోతుంది. అందుకే వాళ్ళకి మెదడు వాపు ఎక్కువ. గడ్డ కరిగించే మందు ఇద్దామన్నా, ఎక్కడ లోపల రక్తం చిమ్ముతుందోనని డాక్టర్లకి భయం. కాబట్టి నా ప్రసంగం పేరు, 'దోషి వయసే'."

"అద్భుతం మేడమ్!"

"గోడ కారినచోటల్లా రంగు మందు మెరుస్తుంది. ఇప్పుడు ఈ బొమ్మ చూపిస్తున్నాను. కమిటీవారూ, ఏం కనబడుతోంది?"

"ముసలి ఎలుక గోడ... కుర్రదాని గోడకన్నా గట్టిగా ఉందండీ."

"నవ్వుతున్నావా?"

"లేదు మేడమ్, ఏడుపే. ఏడుపొస్తే నా మూతి అలా తిరుగుతుంది."

"నేను ఈ ల్యాబు నిలబెట్టుకోవాలంటే ఇవాళ కమిటీ తలూపాలి. తలూపకపోతే రేపటి నుంచి ఈ గదిలో పక్క ల్యాబు చేపలాయన చేపలు ఈదుతాయి. తెలుసా?"

"తెలుసు. ఆయన పొద్దున్నే టేపు పట్టుకుని వచ్చి కిటికీ కొలిచి వెళ్ళారు. నన్ను పక్కకి జరగమని నా కుర్చీ కూడా కొలిచారు."

"అమ్మాయ్!"

"అత్తయ్యా, లేవకండి! ఏం కావాలన్నా అక్కడి నుంచే చెప్పండి!"

"లేవలేదులే. లోపల ఏదో గోలగా ఉంటేనూ... వాళ్ళకేం కాలేదుగా?"

"ఎవరికి?"

"అదే... ఎలుకలకి."

"ఏమీ కాలేదు! అదే నా బాధ! మీరు కళ్ళు మూసుకుని కాసేపు పడుకోండి. ఒరేయ్, నిజం చెప్పు. బోన్లు మార్చేశావు కదూ?"

"నేనా?"

"నువ్వే. పోయిన నెల నా కాఫీలో నీ పంచదార, నీ కాఫీలో నా మాత్ర వేసినవాడివి. కుర్రవాటిని ముసలివాటి బోన్లో పెట్టలేదని గ్యారంటీ ఏమిటి?"

"మేడమ్, మీరే చూడండి. ఇదిగో, దీన్ని పట్టుకోండి. మీసం తెల్లబడిందా? వీపు మీద బొచ్చు రాలిందా? పళ్ళు పచ్చబడ్డాయా? ఇది కుర్రదంటే మా తాతయ్య కూడా కుర్రాడే!"

"ముసలిదే. అబ్బా! కరిచింది!"

"నన్నూ పొద్దున కరిచింది."

"ముసలి ఎలుక కరవడమేంటి? చేతిలో పెట్టుకుంటే నిద్రపోయేవి కదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు మేడమ్. స్కానుకి ముందు తూకం వేశాను. పాత బ్యాచీల ముసలివి దిండ్లలా ఉండేవి. ఇవి... మేడమ్! మేడమ్, దూకింది! అటు, అటు! బల్ల కింద!"

"తలుపు మూయ్! తలుపు! అత్తయ్యా, కాళ్ళు పైకి పెట్టుకోండి!"

"ఇటు రానియ్యమ్మా, ఏం భయం లేదు. రా తల్లీ, రా... ఆగు. ఆగాలి. ఆ... ఇదిగో, దొరికింది."

"దొరికిందా? ఎలా?"

"ఆగమన్నాను, ఆగింది."

"ఆగమంటే ఎలుక ఆగిందా?"

"మంచి పిల్ల. నాయనా, తీసుకెళ్ళు. తోక పట్టుకుని లాగకు, దానికి నచ్చదు."

"థాంక్సండీ మామ్మగారూ. మేడమ్, గమనించారా? స్ట్రోకు వచ్చిన మర్నాడే ముసలి ఎలుక బల్ల మీంచి దూకి, వరండా దాకా పరుగెత్తింది."

"స్ట్రోకు వచ్చి ఉంటే కదా! స్ట్రోకు తెప్పించే ఆపరేషను నేనే చేశాను. మెడ దగ్గర నాళంలోకి రక్తాన్ని ఆపే దారం సరిగ్గా పోలేదేమో. నా చెయ్యి వణికిందేమో. అంతే. నా చెయ్యి కూడా ముసలిదైపోయింది."

"అలా అనకండి. ఇటు చూడండి, స్ట్రోకు మచ్చ. పాత బ్యాచీల్లో ఎంతుందో ఇందులోనూ దాదాపు అంతే ఉంది. రక్తం ఆగింది, దెబ్బ తగిలింది. గోడ మాత్రం కూలలేదు."

"దెబ్బ తగిలి గోడ కూలకపోవడమేంటి?"

"అదేగా మేడమ్ వింత."

"వింత వద్దు నాకు. వింతలకి కమిటీ వాళ్ళు డబ్బివ్వరు. ఇది చేపలాయన పనే. టేపు వంకతో ఎలుకల గదిలో దూరి ఏదో చేశాడు. మేతలో ఏదో కలిపాడు."

"ఆయనా? ఆయనకి ఎలుకలంటే చచ్చేంత భయం మేడమ్. పొద్దున బోను కదిలిందని నా కుర్చీ ఎక్కేశారు. దిగమంటే దిగరు. కొలవడానికి ఎక్కానని చెప్పారు."

"మరి ఇంకెవరు? ఆ గదిలోకి నువ్వు వెళ్తావు, నేను వెళ్తాను."

"ఈల వేసేదెవరో మరి."

"ఏ ఈల?"

"మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు రోజూ వినబడేది. ఎలుకల గది వైపు నుంచి. పీ... పీ... పీ... అని. గాలి మర పాడయిందేమో అనుకుని మరమ్మతుకి కూడా చెప్పాను. వాళ్ళొచ్చి చూసి ఏం లేదన్నారు."

"పీ పీ అని మూడుసార్లా?"

"రెండు పొట్టివి, ఒకటి పొడుగుది."

"అమ్మాయ్, నాకు కాస్త మంచినీళ్ళు!"

"ఇస్తాను అత్తయ్యా, ఒక్క నిమిషం. రెండు పొట్టివి, ఒకటి పొడుగుదా? ఈ ఈల నేనెక్కడో విన్నాను. ఎక్కడో విన్నాను..."

"అమ్మాయ్, నీళ్ళు! గొంతెండిపోతోంది!"

"మామ్మగారూ, నీళ్ళసీసా మీ ఒళ్ళోనే ఉందండీ."

"ఓహో. ఉందా? ఉంది, ఉంది."

"ఒరేయ్, నువ్వెళ్ళి ముసలివాటి బోన్లన్నీ వెతుకు. గడ్డి ఎత్తి చూడు, దూది దులిపి చూడు. మేతలో ఏం కలిపారో నాకు తెలియాలి."

"వెళ్తున్నాను మేడమ్."

"అమ్మాయ్, పాపం ఆ కుర్రాణ్ణి ఎందుకు తిప్పుతావు? భోజనం చేశాడో లేదో."

"అత్తయ్యా, మీరు రోజూ మధ్యాహ్నం పక్క గదిలో పడుకుంటారు కదా, మీకెప్పుడైనా ఈల వినబడిందా?"

"నాకా? నాకు చెవులు సరిగ్గా వినబడవు కదమ్మా."

"పక్కింటివాళ్ళు గుసగుసలాడుకుంటే వినబడుతుంది."

"అది వేరు. అది ఆసక్తి."

"అత్తయ్యా, నా మొహం చూసి చెప్పండి."

"నీ మొహం చూడలేక చస్తున్నాను తల్లీ, ఎలా పీక్కుపోయిందో! ఆ కమిటీ కాదు గానీ. పోనీ ఇవాళ ఒంట్లో బాగాలేదని చెప్పకూడదూ?"

"మేడమ్! మేడమ్, దొరికింది! ఒక బోన్లో గడ్డి కింద ఇది ఉంది!"

"ఏమిటది? ఇటివ్వు. ఇది... ఇది జల్లెడ కదూ?"

"పిండి జల్లించే జల్లెడే. సరిగ్గా నడిమధ్యలో ఈ పుల్ల గుచ్చి ఉంది. చూడండి, పుల్ల పట్టుకుని తడితే గిర్రున తిరుగుతుంది. చక్రం మేడమ్! ఎలుక పరుగెత్తే చక్రం!"

"ఈ పుల్ల... స్వెట్టరు అల్లే పుల్ల. ఈ జల్లెడ... ఒరేయ్, ఇది మా ఇంటి జల్లెడ! అంచు దగ్గర సొట్ట చూడు, నేను డబ్బా మూత తీద్దామని కొడితే పడిన సొట్ట! నాలుగు జల్లెడలు కొన్నాను. నాలుగూ మాయం. ఇంట్లో దయ్యం ఉందని మా ఆయన చెబితే నమ్మాను కూడా! అత్తయ్యా!"

"జల్లెడలన్నీ ఒకేలా ఉంటాయమ్మా."

"అల్లిక పుల్లలు కూడానా?"

"అవీ అంతే."

"మీరు అల్లుతున్న స్వెట్టరు ఏమైంది? నెలల తరబడి సాగుతూనే ఉంది, ఒక్క చెయ్యి కూడా పూర్తవలేదు!"

"పుల్లలు పోతే ఎలా అల్లను?"

"ఒప్పుకున్నారు!"

"పుల్లలు పోయాయన్నాను. నేను పెట్టానన్నానా?"

"మేడమ్, ఒక్క మాట. మామ్మగారు అయ్యుండరు. ఎలుకల గది ముందు నాలుగు మెట్లున్నాయి. చక్రాల కుర్చీ ఎక్కదు."

"అవును కదూ. కుర్చీ ఎక్కదు."

"చూశావా అమ్మాయ్? కుర్చీ ఎక్కదు. ఈ కుర్రాడికి ఎంత బుర్రో! నిండు నూరేళ్ళు బతకాలి."

"అయితే ఎవరో ఎత్తుకెళ్ళారు. ఎవరు తోశారు మిమ్మల్ని? ఎవరు ఎత్తారు? చేపలాయనా?"

"ఛీ! ఆయన నన్నెత్తడమేంటి? నన్నెవరూ తొయ్యలేదు, ఎవరూ ఎత్తలేదు."

"మరి మెట్లెలా ఎక్కారు?"

"అమ్మాయ్, కమిటీకి టైమవుతోందేమో చూడు."

"అత్తయ్యా, మెట్లు ఎలా ఎక్కారు?"

"మెట్లు ఎలా ఎక్కుతారు అమ్మాయ్? ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టి."

"నడిచారా!"

"అరవకు. గోడలు కూలతాయి."

"మీకు స్ట్రోకు వచ్చి ఏడాది కాలేదు! ఎడమ కాలు ఈడ్చుకుపోయేది! పడితే? తుంటి విరిగితే? కాలు కింద పెట్టద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు చెప్పావు. డాక్టరు నడవమన్నాడు."

"డాక్టరుకేం, ఆయన నడవమని ఇంటికెళ్ళిపోతాడు! పడితే ఎత్తేది నేను కదా! అందుకే కదా ఇంట్లో ఒంటరిగా వదలకుండా రోజూ నా వెంట తెచ్చుకుంటున్నాను? మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కారుకి, నేల తగలకుండా చూసుకుంటున్నాను!"

"చూసుకుంటున్నావమ్మా. నా కూతురు కూడా అంత చూసేది కాదు. కానీ నేను ముప్ఫయ్యేళ్ళు డ్రిల్లు టీచర్ని. క్లాసులో ఎవరైనా కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. అలాంటిదాన్ని కూర్చోబెట్టావు. ఒకరోజు నిద్ర పట్టక, గోడ పట్టుకుని, మెల్లగా ఆ గదిదాకా వెళ్ళాను. చూస్తే అక్కడ నాలాంటివాళ్ళే! మెత్తటి దూదిలో, నోటి దగ్గర మేత, కదలక్కర్లేదు, మెదలక్కర్లేదు. ఒకావిడ అయితే నన్ను చూసి ఆవులించింది. ఇంక నా వల్ల కాలేదు."

"అందుకని?"

"అందుకని క్లాసు పెట్టాను."

"ఎలుకలకి డ్రిల్లు క్లాసా!"

"మామ్మగారూ, ఈల మీదేనా?"

"ఇదిగో, మెళ్ళోనే ఉంది, గొలుసు వెనకాల. రెండు పొట్టివి ఊదితే సిద్ధం, పొడుగుది ఊదితే పరుగు. మొదటి వారం ఒక్కరూ కదల్లేదు. నేనూ గుమ్మం దాటేసరికి ఆయాసపడేదాన్ని. తర్వాత తర్వాత వాళ్ళు చక్రం ఎక్కారు, నేను గోడ పట్టుకోకుండా మెట్లెక్కాను. క్లాసయ్యాక జల్లెడలు శాలువాలో చుట్టి పట్టుకొచ్చేసేదాన్ని. నిన్న నువ్వు తొందరగా వచ్చేశావు, ఒకటి మిగిలిపోయింది."

"మేడమ్, మీరు కూర్చోండి. నీళ్ళు తాగండి. మామ్మగారూ, ఆ సీసా ఇలా ఇవ్వండి."

"మూడేళ్ళ పని. మూడేళ్ళు! అత్తగారి చేతిలో జల్లెడ పాలయింది! ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకైనా ఇలాంటి గతి పట్టిందా?"

"మేడమ్, ఏడవకండి. ఈ బ్యాచీ పక్కన పెట్టేద్దాం. పాత మూడు బ్యాచీలు బంగారంలా ఉన్నాయి. అవే చూపిద్దాం. నాలుగోది ఇంకా పూర్తి కాలేదని చెబుదాం. కమిటీ వాళ్ళకి ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు కదూ?"

"నేను చెప్పను."

"నేనూ చెప్పనమ్మా. ఈల కూడా దాచేస్తాను."

"ల్యాబు నిలబడుతుంది. చేపలు రావు. నీ థీసిస్సూ అయిపోతుంది. 'దోషి వయసే' అని ఆ మూడు బొమ్మలూ చూపిస్తే... ఎక్కడికి అత్తయ్యా? కూర్చోండి!"

"నీ కళ్ళు తుడుద్దామని వస్తున్నాను. ఉండు. ఒకటి... రెండు... చూశావా, గోడ పట్టుకోలేదు. మూడు... ఇదిగో, వచ్చేశాను. ఇటు తిరుగు. పెద్ద ప్రొఫెసరువి, ముక్కు చీదుకోవడం కూడా రాదు."

"మీ... మీ ఎడమ కాలు."

"ఏమైంది?"

"ఈడ్చట్లేదు."

"ఈడ్చితే క్లాసులో పరువేముంటుంది?"

"ఒరేయ్."

"మేడమ్?"

"పాత బ్యాచీల్లో ముసలివాటికి చక్రం ఉందా?"

"లేదు మేడమ్."

"కుర్రవాటికి?"

"వాటికీ లేదు. కానీ అవి ఊరుకోవు కదా, బోనంతా ఎక్కి దూకి నానా గోలా చేస్తాయి. ముసలివే పడుకుని ఉండేవి."

"ఎందుకు పడుకుని ఉండేవి?"

"ముసలివి కదా మేడమ్."

"అది కాదు. అంత మెత్తటి దూది ఎవరు వెయ్యమన్నారు? మేత గిన్నె పడక పక్కనే ఎవరు పెట్టమన్నారు? పైకి ఎక్కే నిచ్చెనలు ఎవరు తీయించారు?"

"అది... మీరే మేడమ్. పాపం పెద్దవి, పడితే దెబ్బ తగులుతుందని."

"ఈ నాలుగో బ్యాచీకి?"

"అదే దూది, అదే మేత, అదే వయసు. ఒక్క మామ్మగారు తప్ప అన్నీ అవే... మేడమ్! అంటే గోడ బీటలు వారింది ఒట్టి వయసు వల్ల కాదా?"

"తెలీదు. ఒక్క బ్యాచీతో తేలదు. వయసుకీ వాటా ఉండే ఉంటుంది. కానీ మనం మూడేళ్ళుగా వయసు ఒక్కదాన్నే బోనులో నిలబెట్టాం. సగం ముసలివాటికి చక్రం పెట్టి, సగం వాటికి పెట్టకుండా, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి."

"కమిటీ ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే చేపలాయన తొట్లు మనమే మోద్దాం. కానీ నాలుగో బ్యాచీ చూపించకుండా ఆ గుమ్మం తొక్కను. ఆ జల్లెడ పట్టు. తుడవకు, అలాగే పట్టు. అత్తయ్యా, ఈల ఉందిగా?"

"ఉంది. ఎందుకు?"

"కమిటీ గది పై అంతస్తులో ఉంది. మెట్లెక్కగలరా?"

"లిఫ్టు ఉంది కదా మేడమ్?"

"ఉంది. మెట్లే ఎక్కుదాం. నేను పక్కనే ఉంటాను. పట్టుకోను. పక్కన ఉంటానంతే."

"అలా అన్నావు, బాగుంది! నాయనా, నువ్వు వెనకాల నడు. నడుం వంచకు. చేతులు ఊపు!"

"మేడమ్, ఫోను! కమిటీ ఆఫీసు నుంచి!"

"స్పీకర్లో పెట్టు. నమస్కారమండీ."

"నమస్కారం మేడమ్. అందరూ వచ్చేశారు. మీ ప్రసంగం పేరు బోర్డు మీద రాయిస్తున్నాను, ఒకసారి సరిచూడండి. 'దోషి వయసే.' ఇదే కదా?"

"కాదండీ. దోషి దొరికింది. పేరు మార్చాలి."

"ఇప్పుడా? సరే, చెప్పండి మేడమ్. దోషి ఎవరని రాయమంటారు?"

"రాసుకోండి. దోషి వయసు కాదు, కూర్చోబెట్టిన కోడలు."